‘ఎగురుట’ కొట్టేసి

పైకి లేవడానికి, గాల్లో నిలవడానికి తెలుగులో ఎన్ని మాటలున్నాయో నాకు తెలిసినంతగా మెదక్‌లో ఇంకెవరికీ తెలియదు. గొప్పకు చెప్పడం లేదు. ఆ మాటలను ఒక దొంగకు అప్పనంగా ఇచ్చింది నేనే. వాటిని నమ్మి మా అక్క షుగర్ గోలీలు మానేసింది. మానేసినందుకు ఆమె కుడికాలు మోకాలి కింది నుంచి పోయింది. ఇదంతా ముందే చెప్పేస్తున్నాను, ఎవరి మీద కోపంతో రాస్తున్నానో చదివేవాళ్లకు మొదటే తెలియాలని. వాడి మీద, అక్క మీద, నా మీద. ఆ వరుస మాత్రం రోజుకో తీరుగా మారుతుంటుంది.

మా ఇంట్లో పైకి లేచే మాట ఏదీ మంచి మాట కాదు. చిన్నప్పుడు కొత్త గౌను వేసుకుని గిర్రున తిరిగితే అమ్మ, "ఏందే, మస్తు ఎగురుతున్నవ్?" అనేది. పదో తరగతిలో బడికి ఫస్టు వస్తే, "దీనికి కాళ్లు భూమ్మీద ఆనుతలెవ్వు" అంది. టీచరు ట్రైనింగుకు పోతానన్నప్పుడు, "ఉట్టికెగురలేనమ్మ సర్గానికెగురుతదట" అని వాడకట్టంతా వినేటట్టు అన్నది. ఎవరి పిల్లయినా నచ్చినవాడితో వెళ్లిపోతే లేచిపోయింది అంటారు. దయ్యం పడితే గాలి సోకింది అంటారు. నాలుగు పైసలు కళ్లజూసినవాడు గాల్లో తేలుతున్నాడు, మాట తప్పేవాడివన్నీ గాలి మాటలు. కాళ్లు నేల విడిచాయా, తిట్టు తయారుగా ఉంటుంది.

ట్రైనింగుకు పోతానన్న రోజు నా తరఫున నిలబడింది అక్క ఒక్కతే. తను ఏడో తరగతితో బడి మానేసి బీడీలు చుట్టడానికి కూర్చుంది. అట్లా ఇరవై ఏళ్లు కూర్చుంది. ఒళ్లో చాట, చాటలో ఆకు, తంబాకు. ఆ కూర్చోవడంలోనే నా చదువు అయిపోయింది, ఆ కూర్చోవడంలోనే ఆమె ఒళ్లు పెరిగింది, మోకాళ్లు అరిగాయి. పెండ్లయిన ఆరేళ్లకు మొగుడు పోతే నా దగ్గరికి వచ్చేసింది. నేను పెండ్లి చేసుకోలేదు. సర్కారు హైస్కూల్లో తెలుగు చెప్పాను, రిటైరయ్యాను. ఇద్దరం ఒకే ఇంట్లో ముప్పై ఏళ్లు పోట్లాడుకుంటూ ఉన్నాం.

పోట్లాటలన్నీ మాటల మీదే. ఆమె "పోయిండు" అంటే నేను "వెళ్లాడు" అనేదాన్ని. ఆమె "గట్లనే" అంటే నేను "అలాగే" అనేదాన్ని. బడిలో జీతం తీసుకుని చేసే పనిని ఇంట్లో ఊరికే చేసేదాన్ని. నా చదువు ఎవరి చేతివేళ్ల మీద నడిచిందో తెలిసీ, ఆ చేతివేళ్ల మనిషి నోటిని దిద్దుతూ కూర్చున్నాను. సిగ్గు లేని పని. ఆమె తిట్టేది, మూతి తిప్పేది, కాని లోపల్లోపల నా భాషంటే ఆమెకు భక్తి. నేను ఏదన్నా పెద్ద మాట పలికితే వంటింట్లో చప్పుడు ఆపి వినేది.

ఇక ఊళ్లో నాకొక పని అలవాటైంది. ఎవరింట్లో ఏది అచ్చు వేయాల్సి వచ్చినా ముందు నా దగ్గరికి తెస్తారు. పెండ్లి కార్డు, దినాల కార్డు, చర్చి వాళ్ల క్రిస్మస్ పత్రిక, గణపతి మండపం ఫ్లెక్సీ, పక్కింటి దర్జీ ఆమె కొడుకు పెండ్లికి ఉర్దూ కార్డుకు తెలుగు వైపు. నేను దిద్ది ఇస్తాను. చాయ్ కూడా మా ఇంట్లోదే. నాకు దానిలో ఏం సుఖమంటే, తప్పు వాక్యం కనబడితే కంట్లో నలుసు పడ్డట్టుంటుంది, దిద్దితే పోతుంది. అంతే. ఆ వాక్యం ఏం చెబుతోంది, నిజమా అబద్ధమా, అది నా పని కాదనుకునేదాన్ని. పెండ్లికొడుకు తాగుబోతని తెలిసీ "చిరంజీవి"లో సున్న సరిగ్గా పెట్టి పంపినదాన్ని నేను.

రెండేళ్ల కింద వానాకాలంలో ఒకడు వచ్చాడు. తూప్రాన్ వైపు మనిషి. అంతకుముందు నీళ్ల ఫిల్టర్లు అమ్మేవాడట, తానే చెప్పాడు. ఇప్పుడు తెల్ల పంచె, మెడలో తులసి పూసలు, చేతిలో పెద్ద ఫోను. బస్టాండు వెనక ఒక హాలు మీది అంతస్తు కిరాయికి తీసుకుని ఏదో సాధన నేర్పుతున్నానన్నాడు. చేతికి ఒక కరపత్రం ఇచ్చాడు. ఎర్రటి కాగితం మీద ఇట్లా ఉంది:

"గాలిలోకి ఎగురుట నేర్పబడును. నలబై ఒక్క దినములు. గోలీలు, సూదులు బంద్ చేయవలెను. అందరు రాగలరు."

"పంచినంక ఎవ్వలు వస్తలేరు టీచరమ్మా" అన్నాడు. "పోరగాండ్లు నన్ను జూసి రెండు చేతులు రెక్కల లెక్క ఆడిస్తుండ్రు. మీరు జర మంచిగ జేసియ్యుండ్రి."

"ఆడించరా మరి?" అన్నాను. "ఎగిరేది కాకి. ఎగిరేది గాలిపటం. ఎగిరిపడేది మా పాత హెడ్‌మాస్టరు. సాధన చేసే మనిషి ఎగురుతాడా?"

"మరేం మాటుంటదో మీరే చెప్పుండ్రి."

ఇక్కడ నేను తలుపు మూయాల్సింది. చెప్పు చేతికి తీసుకున్నా తప్పులేదు. బదులుగా కళ్లద్దాలు తుడుచుకున్నాను.

అప్పటికి రిటైరై మూడేళ్లయింది. మూడేళ్లుగా నన్ను మాటల గురించి అడిగినవాడు లేడు. కార్డులు తెచ్చేవాళ్లు దిద్దితే చాలంటారు, ఎందుకు దిద్దావని అడగరు. వీడు అడిగాడు. నేను మొదలుపెట్టాను. ‘ఎగురు’లో సొంత బలం ఉంటుంది, అందుకే పడటం కూడా ఉంటుంది. ‘లేచు’ ప్రతివాడూ పొద్దున చేసే పనే. ‘తేలు’ అంటావా, మంజీరలో కట్టె తేలుతుంది, శవమూ తేలుతుంది. ‘ఎక్కు’ అంటే కాలికింద మెట్టో గుర్రమో ఉండాలి. ‘ఊర్ధ్వగమనం’ పొగకు బాగుంటుంది, మనిషికి బాగుండదు. ‘ఉత్థానం’లో నిద్ర లేచిన వాసన ఉంది. ‘ఆరోహణం’ చర్చి వాళ్లది, మా బళ్లో లెక్కల టీచరు ఈస్టరు పోయిన నలభయ్యో రోజుకు సెలవు చీటీలో ఆ మాట రాసేది. ముస్లింలకు ‘మేరాజ్’ ఉంది, అది ఒక్కరికే చెందిన మాట, ఇంకొకరు ముట్టకూడదు.

వాడు నోరు తెరిచి వింటున్నాడు. వంటింటి గడప మీద అక్క చిక్కుడుకాయ ఈనెలు తీస్తూ చెయ్యి ఆపింది. ఇద్దరు వినేవాళ్లుంటే నాకు క్లాసు గుర్తుకొచ్చింది.

"లఘిమ" అన్నాను. "అష్టసిద్ధుల్లో ఒకటి. దూదిపింజలాగా తేలికవడం. ఇందులో ఎగరడం లేదు, దూకడం లేదు. బరువు పోతుంది, శరీరం తానే పైకి లేస్తుంది. ఈ మాటను చూసి ఎవడూ నవ్వలేడు."

వాడు ఫోనులో రాసుకోబోయాడు, తప్పు రాశాడు. నాకు ఒళ్లు మండింది. కాగితం లాక్కుని, ‘ఎగురుట’ కొట్టేసి, మొత్తం నేనే వేరే కాగితం మీద తిరగ రాశాను. "లఘిమా సాధన. దేహభారం నుండి విముక్తి. నలభై ఒక్క దినాల దీక్ష." తర్వాతి వాక్యం దగ్గర ఆగాను. గోలీలు, సూదులు బంద్ చేయవలెను. అచ్చులో ‘బంద్’ ఏమిటని చిరాకేసింది. కాసేపు ఆలోచించి ఇట్లా మార్చాను: "సాధన సాగేకొద్దీ బాహ్యౌషధాల అవసరం తనంతట తానే సడలిపోతుంది."

ఆ ‘సడలిపోతుంది’ కోసం అయిదు నిమిషాలు వెతికాను. తగ్గుతుంది, తొలగుతుంది, తీరుతుంది, అన్నీ రాసి కొట్టేశాను. సడలిపోతుంది దొరికినప్పుడు నిజంగా సంతోషపడ్డాను. ఆ వాక్యం మనుషులను మందులు మానమని చెబుతోందన్న సంగతి మీద అర నిమిషం కూడా పెట్టలేదు. నేను వాణ్ణి నమ్మానా అంటే, ఛీ. వాడు పచ్చి మోసగాడని గేటు తీసినప్పుడే తెలుసు. కాని మోసగాడి తెలుగు కూడా తెలుగే కదా అనుకునే పిచ్చి ఒకటుంటుంది. అది తెలుగు పంతుళ్లకే వస్తుంది, ఇంకెవరికీ రాదు.

వాడు నా కాళ్లకు దండం పెట్టాడు. అక్క వాడికి చాయ్ పోసింది.

వారం తిరక్కుండా కొత్త కరపత్రాలు ఊరంతా పాకాయి. పాలప్యాకెట్ల దుకాణంలో, కూరగాయల మార్కెట్లో, ఆటోల వెనక సీట్ల మీద. ఎవరూ రెక్కలు ఆడించలేదు. లఘిమ అంటే ఏందని ఒకరినొకరు అడుక్కున్నారు. తెలియని మాటకు ఉండే మర్యాద తెలిసిన మాటకు ఉండదు. పాపన్నపేట నుంచి కూడా షేర్ ఆటోల్లో జనం రావడం మొదలైంది.

ఒక మధ్యాహ్నం అక్క ఆ కాగితం తెచ్చి నా ముందు పెట్టింది. వేలు పెట్టి చదువుతోంది.

"దేహభారమంటె ఒంటి బరువేనా?"

"అవును."

"ఇముక్తంటె పోవుడా?"

"విముక్తి. ‘వి’ పలుకు" అన్నాను, పేపరు మీది నుంచి కళ్లు తీయకుండా.

ఆమె "విముక్తి" అని సరిగ్గా పలికింది. కాగితం మడిచి జాకెట్లో పెట్టుకుంది. ఎందుకు అడుగుతున్నావని నేను అడగలేదు. ఈ రెండేళ్లలో ఎక్కువసార్లు నా ముందుకు వచ్చే మధ్యాహ్నం అదే.

అక్క బరువు గురించి చెప్పాలి. ఆమె నడుస్తుంటే మోకాళ్లు చప్పుడు చేసేవి. బాత్రూములో గోడకు కడ్డీ వేయించాం. పెండ్లిళ్లకు పోతే ప్లాస్టిక్ కుర్చీలు రెండు ఒకదాని మీద ఒకటి వేసుకునేది, ఒకటి విరుగుతుందని. జనం నవ్వకముందే తానే నవ్వేసేది. ఆ నవ్వు చూసి ఆమెకు బాధ లేదనుకున్నాను. ఒంట్లో బరువు దిగాలని ఆమె ఎంత కోరుకుందో నాకు తెలియదు. తెలుసుకునే పని పెట్టుకోలేదు.

మూడో రోజు పొద్దున స్నానం చేసి, ఇస్త్రీ చీర కట్టి, ఆ హాలుకు బయల్దేరింది. ఎక్కడికంటే చెప్పింది. నేను నవ్వాను. నవ్వితే ఆగుతుందనుకున్నాను. ఆగకపోతే ఇంకా అన్నాను.

"నువ్వు లేస్తావా గాల్లోకి? నిన్ను లేపాలంటే క్రేన్ తేవాలి!"

అక్క చెప్పులు వేసుకుంటూ ఆగింది.

"నా రెక్కల మీదికెల్లే నువ్వు పైకి లేషినవ్" అంది. "నేనొక్కసారి లేస్తనంటె నీకెందుకే గంత మంట?"

పోయింది. ఆ రోజు నుంచి మా ఇంట్లో రెండు వంటలు. ఆమె గిన్నె ఆమెది, నా గిన్నె నాది. ముప్పై ఏళ్ల పోట్లాటల్లో పొయ్యి వేరు కావడం అదే మొదటిసారి.

వారం చూసి నేనూ హాలుకు పోయాను, వాణ్ణి నలుగురిలో కడిగేద్దామని. లోపల ఫోమ్ పరుపులు పరిచి ఉన్నాయి. ఇరవై ముప్పై మంది మఠం వేసుకుని, కళ్లు మూసుకుని, పిరుదుల మీద ఎగిరెగిరి పడుతున్నారు. ఎగిరినప్పుడల్లా ఒకడు ఫోనులో ఫోటో తీస్తున్నాడు. ఫోటోలో చూస్తే పరుపుకు జానెడు పైన మనిషి కూర్చున్నట్టే ఉంటుంది. కప్పలు నయం, వాటికి ఫోటో పిచ్చి ఉండదు. గోడ మీద నా వాక్యాలు నిలువెత్తు ఫ్లెక్సీ.

అక్క వెనక వరుసలో ఉంది. ఆమె కాళ్లు మడవలేదు కనుక కుర్చీ వేశారు. కళ్లు మూసుకుని, అరచేతులు పైకి పెట్టి, ఎప్పుడు పిలుపొస్తుందా అన్నట్టు కూర్చుంది. మిగతావాళ్లన్నా ఎగురుతున్నారు, ఈమె ఊరికే లేవడం కోసం కాచుకుంది. నాకు నవ్వు తన్నుకొచ్చింది. పెద్దగా, హాలంతా మోగేటట్టు నవ్వాను. కళ్లు తెరిచిన వాళ్లలో అక్క కూడా ఉంది. నన్ను చూసింది. ముఖం ఎర్రబడింది, మళ్లీ కళ్లు మూసుకుంది. వాణ్ణి కడిగే మాట మరిచి నేను మెట్లు దిగి వచ్చేశాను.

ఆ తర్వాత మూడు నెలలు మేం మాట్లాడుకోలేదు. ఒక ఇంట్లో ఇద్దరు ముసలివాళ్లు మాట్లాడుకోకుండా ఉండటం ఎంత సులువో, ఎంత చప్పుడో, ఉన్నవాళ్లకే తెలుస్తుంది. గిన్నెలు మాట్లాడేవి, తలుపులు మాట్లాడేవి.

నలభై ఒక్క రోజులు నిండితే అక్క మళ్లీ మొదటి నుంచి దీక్ష పట్టింది. ఆ మూడు నెలల్లో తగ్గింది. నిజంగానే తగ్గింది. ముందు మెడ దగ్గర, తర్వాత చేతులు. జాకెట్లు వదులైతే పక్కింటి దర్జీ ఆమె దగ్గర కుట్లు వేయించుకుంది, ఒకసారి కాదు, రెండుసార్లు. కడ్డీ పట్టుకోకుండా బాత్రూముకు పోతోంది. ముఖంలో ఒక గెలుపు. నా ముందు నుంచి పోతూ కొంగు బిగించి నడుం చూపించేది, చూసుకో అన్నట్టు. నాకు మండేది. నిజం చెబితే, ఒకటి రెండుసార్లు లోపల భయం కూడా వేసింది, వాడి సాధన నిజంగా పనిచేస్తోందేమోనని. మోసమని తెలిసినదాన్ని, నా సొంత మాటకే జడిశాను.

ఆమె కుండెడు నీళ్లు తాగుతోంది. ఊరికూరికే బాత్రూముకు లేస్తోంది. బాత్రూము తూము దగ్గర చీమలు బారులు కట్టాయి. షుగర్ ఉన్నవాళ్ల బాత్రూములో చీమలు పడితే మూత్రంలో చక్కెర పోతోందని మెదక్‌లో చిన్నపిల్లలు కూడా చెబుతారు. నేను ఫినాయిలు పోసి కడిగాను. మాట్లాడాల్సి వస్తుందని అడగలేదు.

దర్జీ ఆమె ఒకరోజు గోడ మీది నుంచి పిలిచింది. "టీచరమ్మా, అక్క మస్తు సన్నగైంది. నాకు మంచిగనిపిస్తలేదు. జర దవఖానకు తోల్కపోండ్రి."

"ఆ గాల్లో లేపే ఆయననే తీసుకుపొమ్మను" అన్నాను.

ఆమె నన్ను అదోలా చూసింది. "గుస్సా తర్వాత జెయ్యొచ్చు టీచరమ్మా" అని గోడ దిగిపోయింది.

తర్వాతి వారం జాకెట్టు కొలత చూడటానికి వచ్చి ఆమే అక్క కాలు చూసింది. కుడికాలు చిటికెన వేలు నల్లబడి ఉంది. చెప్పు కరిచిన పుండట. అక్కకు నొప్పే తెలియలేదు. పది రోజులుగా గుడ్డ చుట్టుకుని ఆ హాలుకు పోయి వస్తోంది. దర్జీ ఆమె నన్ను అడగలేదు, చెప్పలేదు. ఆటో పిలిచి, అక్కను ఎక్కించి, తలుపు దగ్గర నిలబడ్డ నన్ను చూసి, "వస్తవా, రావా?" అంది. అప్పటిదాకా నన్ను ‘నువ్వు’ అన్న మనిషి కాదు.

దవఖానలో డాక్టరమ్మ చిన్నపిల్ల. వేలు చూసింది, రక్తం చూసింది. షుగర్ మిషను అంకె చూపించకుండా "హై" అని మాత్రం చూపించింది. "గోలీలు ఎప్పటి నుంచి వేసుకుంటలేరు?" అని అడిగింది.

"మూడు నెలలు దాటింది" అంది అక్క, గర్వం ఇంకా పూర్తిగా దిగని గొంతుతో.

ముప్పై ఏళ్లుగా నోటితో పలకనని ఒట్టు పెట్టుకున్న మాటలన్నీ ఒక్కసారి బయటికొచ్చాయి. "ఎవడు జెప్పిండే నీకు మానుమని? ఆ లంగ జెప్తె గడ్డి గూడ తింటవా? నీకు సోయి లేదా?" వరండాలో జనం మూగారు.

అక్క జాకెట్లో నుంచి ఆ కాగితం తీసింది. మడతల దగ్గర చిరిగి, చెమటకు రంగు వెలిసి ఉంది.

"వాడు జెప్తె నేనెందుకింట?" అంది. గొంతు పెంచలేదు. "వాడు ఫిల్టర్లు అమ్మినోడు. గిది నువ్వు రాసినవ్. నా ముంగట కూసొని రాసినవ్. పెండ్లి కార్డుల ఒక్క సున్న తప్పు పోతె నువ్వు నిద్రపోవు. గిండ్ల తప్పుంటె ఊకుంటవా అనుకున్న." తర్వాత డాక్టరమ్మకు వేలు పెట్టి చదివి వినిపించింది, బాహ్యౌషధాల అవసరం తనంతట తానే సడలిపోతుంది అని. ఒక్క అక్షరం తడబడకుండా చదివింది. ఎన్నిసార్లు చదువుకుని ఉంటే అట్లా వచ్చి ఉంటుంది.



వేలుతో ఆగలేదు. హైదరాబాదుకు పంపారు. అక్కడ మొదట పాదం అన్నారు, నాలుగు రోజులకు మోకాలి కింద అన్నారు. కాగితం మీద సంతకం నేనే చేశాను. బరువు తగ్గడం సాధన వల్ల కాదమ్మా, షుగర్ ఒంటిని కరిగించుకు తింది అని అక్కడి పెద్ద డాక్టరు చెబితే అక్క గోడవైపు తిరిగింది. అన్నాళ్లూ ఆమెకున్న ఒక్క సంతోషాన్ని కూడా ఆ డాక్టరు మాట లాగేసుకుంది.

మేం తిరిగొచ్చేసరికి హాలు ఖాళీ. వాడు రేగోడ్ వైపు పోయాడన్నారు. నా దగ్గర చదివిన ఒకతను ఇప్పుడు లాయరు. కేసు పెట్టాలని కరపత్రం తీసుకుని అతని దగ్గరికి పోయాను. రెండుసార్లు చదివాడు. పెదవి విరిచాడు.

"గోలీలు మానుమని ఏడ లేదు టీచరమ్మా. అవసరం సడలిపోతదట. లేస్తరని గూడ లేదు, విముక్తట. ఎవలు రాసిచ్చిండ్రో గని మస్తు తెలివిగ రాసిండ్రు. దీని మీద వాణ్ణి పట్టుడు కష్టం."

వాడి సొంత కరపత్రం ఒక్కటి ఉన్నా దొరికేవాడు, అప్పుడు పంచినవి ఎవరూ దాచుకోలేదు. గోలీలు, సూదులు బంద్ చేయవలెను అని ఎర్ర కాగితం మీద తన నోటితో తానే చెప్పుకున్నాడు. ఆ కాగితం మీద నేనే గీతలు కొట్టి, నలిపి, పొయ్యి పక్కన పడేశాను. రాసింది నేనేనని లాయరుకు చెప్పకుండానే లేచి వచ్చాను. వాడి కంటే నేనేం తక్కువ అని దారి పొడుగునా తిట్టుకున్నాను.

ఆ మర్నాడు కూర్చుని నేనొక కరపత్రం రాశాను. రేగోడ్‌లో పంచాలని. పెద్ద మాట ఒక్కటి లేకుండా, అక్క మాట్లాడినట్టే రాశాను. గాల్లకు లేసుడు అబద్ధం. గోలీలు బంద్ చేయకుండ్రి. మా అక్క బంద్ చేసి కాలు పోగొట్టుకుంది. వాని కాయిదం దిద్దింది నేనే, తప్పు నాదే. కింద నా పూర్తి పేరు, బడి పేరు పెట్టాను. జీవితంలో నేను రాసిన వాటిలో అదొక్కటే పనికొచ్చేదనిపించింది.

అచ్చుకిచ్చే ముందు అక్కకు చూపించాను. మంచం మీద కూర్చుని, వేలు పెట్టి, మెల్లగా చివరిదాకా చదివింది. నేను నిలబడే ఉన్నాను. ఆమె ఏమన్నా అంటుందని, తిడుతుందని, ఏడుస్తుందని కాచుకున్నాను.

"మంచిగ రాసినవ్" అంది. కాగితం నా చేతికిచ్చేసింది. "నువ్వెప్పుడు మంచిగనే రాస్తవ్. గని నువ్వు రాసింది నేనింక నమ్మ."

కరపత్రం అచ్చయింది. నేనే షేర్ ఆటోలో రేగోడ్ పోయి బస్టాండులో పంచి వచ్చాను. వాడు అక్కడి నుంచీ పోయాడట. ఎక్కడికి పోయాడో నాకు తెలియదు. నా మాటలు మాత్రం వెంట తీసుకునే పోయి ఉంటాడు, అంత మంచి మాటలు ఎవడొదులుకుంటాడు.

అక్కకు ఇప్పుడు పూటకు నాలుగు గోలీలు, రెండు పూటలు సూది. ఏ గోలీ ఎప్పుడో డాక్టరు చీటీ నాకు కంఠతా వచ్చు. నేను తీసిస్తే ఆమె వేసుకోదు. నన్ను చదవనివ్వదు. గోడ అవతలికి కేకేసి దర్జీ ఆమెను పిలుస్తుంది. దర్జీ ఆమెకు తెలుగు చదవడం రాదు, ఇంగ్లిషు అక్షరాలు ఒక్కొక్కటే కూడబలుక్కుంటూ గోలీల అట్ట మీది పేరు చదువుతుంది. ఎం, ఈ, టీ. కొంత సేపు పడుతుంది. మధ్యలో కుట్టుమిషను దగ్గరికి ఎవరో వచ్చి పిలుస్తుంటారు, ఆమె ఉండమంటుంది. అక్క అరచెయ్యి చాపి ఓపికగా కూర్చుంటుంది. నేను వంటింట్లో నిలబడి వింటాను. పేరు ప్రతి రోజూ తప్పే పలుకుతుంది. గోలీ మాత్రం ప్రతి రోజూ సరైనదే ఇస్తుంది. నేను నోరు తెరవను.